నోటి నిండా మేకులు

సోఫాల మేస్త్రీ నోట్లో ఎప్పుడు చూసినా ఓ పాతిక మేకులుంటాయి. గోరంత పొడవు, చిన్న బొడిపె తల, సూది మొన. పొద్దున షాపు తలుపు తీయగానే డబ్బాలోంచి గుప్పెడు తీసి నోట్లో పోసుకుంటాడు. ఇక అక్కణ్ణుంచి ఆ నోరే ఆయనకు మూడో చెయ్యి. నాలుకతో ఒక్కో మేకును తల ముందుకొచ్చేలా తిప్పి పెదాల మధ్యకు తోస్తాడు, రెండు వేళ్ళతో అందుకుంటాడు, లాగి పట్టిన గుడ్డ మీద నిలబెట్టి టక్కున ఒక దెబ్బ వేస్తాడు. రెండో దెబ్బతో పని ఉండదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. ఇన్నేళ్ళలో ఒక్క మేకు కూడా మింగిన పాపాన పోలేదు. మింగి ఉంటే ఆ రోజైనా నోరు తెరిచి ఒక మాట మాట్లాడేవాడేమో అని వాళ్ళావిడ అంటుంది.

ఆవిడ అనడంలో తప్పు లేదు. మేకులు సోఫా చేయడానికి ఎంత పనికొస్తాయో, మాట దాటేయడానికి అంతకు రెట్టింపు పనికొస్తాయని మేస్త్రీకి పెళ్ళైన కొత్తలోనే తెలిసిపోయింది. సాయంత్రం ఏ కూర చేయమంటారని ఫోను వస్తే, నోట్లో మేకులు. మా చుట్టాలింటికి ఎప్పుడు వెళ్దామంటే, నోట్లో మేకులు. వేలితో నోరు చూపించి, కనుబొమలు ఎగరేసి, "ఊఁ" అంటాడు. ఆ ఊఁ అవునో కాదో అడిగినవాళ్ళ ఓపికను బట్టి ఉంటుంది. ఊళ్ళో అందరూ ఆయన్ని నెమ్మదస్తుడంటారు. నెమ్మదీ లేదు, పాడూ లేదు. మనిషి పచ్చి పిరికివాడు. అది కూడా అన్నిటికీ కాదు, మనసులో మాట పైకి చెప్పడానికి మాత్రమే.

ఆయన మాట్లాడని మాటలన్నీ కలిపి బావమరిది మాట్లాడేస్తాడు. బావమరిది అదే షాపులో స్పాంజి కోస్తాడు, మిషను మీద కుడతాడు, వచ్చిపోయేవాళ్ళతో బేరమాడతాడు. ఆపేదే లేదు కాబట్టి వీధి వీధంతా అతణ్ణి రేడియో అంటుంది. ఆరేళ్ళ కిందట ఈ రేడియోనే బావకు ఒక అయస్కాంతం సుత్తి కొనుక్కొచ్చాడు. సుత్తి మూతికి మేకు అదే అతుక్కుంటుంది, పళ్ళెంలోంచి తీసుకోవచ్చు, నోటితో పనే లేదు. మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ డబ్బాలో పెట్టి, డబ్బాను అటక మీద పెట్టాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

మేకుల మధ్య నుంచి మేస్త్రీ గొణిగేది రేడియోకి ఈనాటికీ సగం అర్థం కాదు. అర్థమయ్యేది ఒక్కరికే. మేస్త్రీ కూతురు బడి నుంచి వచ్చి స్పాంజి ముక్కల గుట్ట మీద కూర్చుని హోంవర్కు చేసుకునే రోజుల్లోనే, "మావయ్యా, నాన్న అడిగేది కత్తెర కాదు, సుద్దముక్క" అని పుస్తకంలోంచి తలెత్తకుండా చెప్పేది. ఇప్పుడా పిల్లకు ఇరవై రెండేళ్ళు. డిజైను చదువు పూర్తయింది. ఈ నెల మొదట్లో పెద్ద ఫర్నిచరు కంపెనీ నుంచి ఉద్యోగం కూడా వచ్చింది. వేరే ఊరు. ఏసీ గదిలో కంప్యూటరు ముందు కూర్చుని సోఫాల బొమ్మలు గీయాలి.

ఆ ఉద్యోగం కాగితం పట్టుకుని ఆ పిల్ల తిన్నగా షాపుకే వచ్చింది.

"నాన్నా, నాకు సోఫాల బొమ్మలు గీయడం కన్నా సోఫాలు చేయడమే ఇష్టం. నీ దగ్గర పనిలో చేరతాను. నేర్పుతావా, నేర్పవా? నెలాఖరు శుక్రవారం సాయంత్రం ఐదింటికి వాళ్ళు ఫోన్ చేస్తారు. ఈ లోపల ఒక్క ముక్క చెప్పు చాలు."

సరిగ్గా ఆ క్షణానికి మేస్త్రీ నోట్లో మిగిలింది ఒక్కటే మేకు. ఏ మొగుడైనా, ఏ తండ్రైనా అలాంటప్పుడు నీళ్ళు నములుతాడు. ఈయన డబ్బాలో చెయ్యి పెట్టి ఇంకో గుప్పెడు మేకులు నోట్లో పోసుకున్నాడు.

"ఊఁ" అన్నాడు.

"ఊఁ అంటే సరేననా, చూద్దామనా?"

"ఊఁ."

కూతురు కాసేపు నిలబడి చూసి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మేస్త్రీ భోజనానికి తప్ప నోరు ఖాళీ చేయలేదు.

వద్దనుకున్నాడా అంటే, అదీ కాదు. అసలు సంగతి వేరే ఉంది. రెండు నెలల కిందట షాపులో ఎవరూ లేనప్పుడు ఆ పిల్ల ఊరికే తోచక ఒక గుండ్రటి స్టూలుకు గుడ్డ వేసింది. చుట్టూ కుచ్చిళ్ళు, అన్నీ ఒక్క కొలత. మేస్త్రీ ఆ కుచ్చిళ్ళ మీద బొటనవేలితో మూడుసార్లు తడిమి చూశాడు. తనకు అలా కుదరడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ రాత్రి భోజనంలో ఉప్పు ఎక్కువైందని కూడా ఆయన గమనించలేదు, అంత సంతోషంగా ఉన్నాడు. కానీ రమ్మంటే నా కోసం వచ్చిందంటారు, రేపు మోకాళ్ళు అరిగాక నన్నే తిట్టుకుంటుంది, పొమ్మంటే నిజంగానే పోతుంది. రమ్మనడానికి నోరు రాదు, పొమ్మనడానికి ప్రాణం ఒప్పదు. మధ్యలో మేకులున్నాయి కదా, కాలం గడుస్తోంది.

అలా గడుస్తూ గడుస్తూ చివరి వారం సోమవారంనాడు పన్ను నొప్పి పట్టుకుంది.

టీ గుటక వేయగానే కుడివైపు కింది దవడ పన్ను జివ్వుమంది. చెవి దాకా లాగింది. మేస్త్రీ గ్లాసు కింద పెట్టి, కాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఇక చూసుకోండి, పంటి నొప్పి వచ్చినవాడికి కనపడ్డ ప్రతివాడూ డాక్టరే.

"టీలో నాలుగు చెంచాల పంచదార వేసుకుంటే పన్ను పుచ్చిపోక పువ్వు పూస్తుందా?" అంది వాళ్ళావిడ. "పడుకునే ముందు పళ్ళు తోముకోమని ఎన్నేళ్ళుగా చెప్తున్నానండీ."

"పుచ్చు కాదక్కా, అది జ్ఞానదంతం" అన్నాడు రేడియో. "కొందరికి లేటుగా వస్తుంది. వచ్చేటప్పుడు పక్క పన్నును తోసుకుంటూ వస్తుంది, అందుకే ఆ నొప్పి."

"యాభై రెండేళ్ళకు వస్తోందా? రానీ. ఇప్పటికైనా కాస్త జ్ఞానం వస్తే మాకదే పదివేలు" అంది ఆవిడ.

పక్క కొట్టు వడ్రంగి వచ్చి, పంట్లో పురుగు చేరిందనీ, వాళ్ళ మేనత్తకు పొగ పడితే బయటకొచ్చిందనీ, తాను కళ్ళారా చూశాననీ చెప్పాడు. సోఫా ఎప్పుడిస్తారని అడగడానికొచ్చిన రిటైర్డు టీచరు గారు, జలుబు చేసి ముక్కు పక్కన బరువెక్కితే పళ్ళన్నీ లాగుతాయనీ, తనకు ప్రతి ఏడాదీ ఇదే గొడవనీ అన్నారు. ఏ పళ్ళండీ అని రేడియో అడిగితే పైపళ్ళన్నారు. మా బావది కింది పన్నండీ అంటే, అయితే చిగురు వాచి ఉంటుందని అప్పటికప్పుడు మాట మార్చేశారు.

కూతురు మాత్రం ఒక్క మాటే అంది. "మేకులు."

మేస్త్రీకి ఒళ్ళు మండింది. కళ్ళు పెద్దవి చేసి చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ళు అన్నం పెట్టిన మేకులు ఇవాళ పన్ను పోటు పెడతాయా అన్నట్టుంది ఆ చూపు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే తల అడ్డంగా ఊపాడు. అయితే లవంగం అయినా పెట్టుకోమని వాళ్ళావిడ ఒక కాగితం పొట్లం కట్టి చొక్కా జేబులో పెట్టింది. ఘాటుకు నొప్పి కాస్త మొద్దుబారి, మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. అప్పటి నుంచి కుడి బుగ్గలో లవంగాలు, ఎడమ బుగ్గలో మేకులు. పాతిక మేకులు పది అయ్యాయి గానీ, నోరు ఖాళీగా మాత్రం లేదు.

మీరెప్పుడైనా లవంగాన్ని సరిగ్గా చూశారా? గోరంత పొడవు, చిన్న బొడిపె తల, సన్నటి కాడ. పళ్ళెంలో పక్కపక్కన పెడితే ఏది ఏదో చిన్నపిల్లలు కూడా చెప్తారు. బుగ్గలో పెట్టుకుని నాలుకతో తడిమితే చెప్పడం అంత సుళువు కాదు.

మంగళ, బుధ, గురువారాలు ఎలాగో గడిచాయి. శుక్రవారం పొద్దున మేస్త్రీ టీచరు గారి సోఫా చేతికి గుడ్డ తొడుగుతున్నాడు. మూల మడత దగ్గరికొచ్చాడు. అది ఊపిరి బిగబట్టి చేయాల్సిన చోటు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో కూతురి గొంతు వినపడింది.

"నాన్నా, ఇవాళ శుక్రవారం."

అంతే, మేస్త్రీ నాలుక తడబడింది. కుడి బుగ్గలోవి ఎడమకు, ఎడమ బుగ్గలోవి కుడికి పోయాయి. పెదాల మధ్యకొచ్చినదాన్ని అందుకుని గుడ్డ మీద నిలబెట్టాడు. టక్కున కొట్టాడు. అదే ఊపులో, నొప్పికి కాస్త ఘాటు దిగాలని, దవడ కింద ఉన్నదాన్ని కసుక్కున కొరికాడు.

సోఫా చేతి మీద లవంగం పొడిపొడి అయింది. ఘుమఘుమలాడుతూ వాసన వచ్చింది. దవడ కింద మేకు మేకులాగే ఉంది. పన్నే కటుక్కుమంది.

మేస్త్రీకి పట్టపగలు చుక్కలు కనిపించాయి. సుత్తి వదిలేసి, బుగ్గ పట్టుకుని, స్పాంజి గుట్ట మీద కూలబడ్డాడు. నోట్లోంచి మేకులూ లవంగాలూ కలిసి ఒళ్ళో రాలాయి.

"బావా, నువ్వు సోఫాకి లవంగం కొట్టావు" అన్నాడు రేడియో. నవ్వాలో భయపడాలో అతనికీ తెలియలేదు. "అక్కకి చెప్పనా, వద్దా?"

అక్కకు చెప్పక ముందే కూతురు ఆటో పిలిచింది.

పంటి డాక్టరు గారి క్లినిక్కు మెడికల్ షాపు మీద, మొదటి అంతస్తులో ఉంది. ముందు గదిలో జనం ఎక్కువగా ఉన్నారు. నంబరు వచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఇంటి నుంచి వాళ్ళావిడ మూడుసార్లు ఫోన్ చేసింది, నాలుగోసారి రేడియో చేసి పది నిమిషాలు మాట్లాడాడు. అన్ని గంటలూ తండ్రీ కూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. మేస్త్రీ నోట్లో మేకు లేదు, లవంగం లేదు. ఒకటి రెండుసార్లు కూతురు వైపు తిరిగి నోరు తెరిచాడు. తెరవగానే గాలి తగిలి పన్ను జివ్వుమంది, మళ్ళీ మూసేశాడు. నొప్పి వల్ల మూశానని తనకు తాను చెప్పుకున్నాడు గానీ, అది సగమే నిజం.

డాక్టరు గారు ముప్పై ఐదేళ్ళావిడ. మాట నెమ్మది, చెయ్యి చురుకు. మేస్త్రీని కుర్చీలో కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. తల ఆనే చోట రెగ్జిన్ చిరిగి, దాని మీద తెల్లటి బ్యాండేజి పట్టీలు అడ్డంగా అతికించి ఉన్నాయి. మేస్త్రీ వంగి, బుగ్గ ఒక చేత్తో పట్టుకునే, రెండో చేతి వేలితో ఆ చిరుగును తడిమి చూశాడు. డాక్టరు గారికి సిగ్గేసింది.

"ఏడాదైందండీ చిరిగి. కంపెనీవాళ్ళు కుర్చీ మొత్తం మార్చమంటున్నారు. మీరు కూర్చోండి."

అద్దం పెట్టి చూసింది, సన్నటి పనిముట్టుతో ఒక్కో పన్నూ తట్టింది. తర్వాత చిన్న పుల్ల ఒకటి దవడ మధ్య పెట్టి గట్టిగా కొరకమంది.

"ఇప్పుడు నొప్పిగా ఉందా?"

తల అడ్డంగా ఊపాడు.

"సరే, వదలండి."

వదలగానే మేస్త్రీ కుర్చీ చేతులు రెండూ పట్టుకుని పైకి లేచినంత పని చేశాడు.

"అదీ సంగతి" అంది డాక్టరు గారు. "పుచ్చు ఉంటే చల్లటిదీ తీపీ తగిలినప్పుడు లాగుతుంది. చిగురు వాస్తే పట్టుకుంటేనే నొప్పి. జ్ఞానదంతమైతే నోరు తెరవడమే కష్టం. కొరికినప్పుడు ఊరుకుని, వదిలినప్పుడు ఇలా ప్రాణం తీసిందంటే పన్ను పగిలిందని లెక్క. ఇది ఇవాళ పగిలింది కూడా కాదు. వెంట్రుకంత బీట చాలా రోజులుగా ఉండుంటుంది. ఇవాళ విచ్చుకుంది, అంతే. ఏం కొరికారు?"

మేస్త్రీ కూతురు వైపు చూశాడు.

"మేకండీ" అంది కూతురు. "లవంగం అనుకుని."

డాక్టరు గారు ఆయన పైపెదవి ఎత్తి ముందు పళ్ళు చూసింది. అంచుల్లో మూడు చోట్ల గాట్లు ఉన్నాయి, మేకు మెడ పట్టేంత.

"ఎన్నేళ్ళుగా పెట్టుకుంటున్నారు నోట్లో?"

"నేను పుట్టక ముందు నుంచి" అంది కూతురు.

"దవడలు కూడా బాగా బిగిస్తారు మీరు. పళ్ళు అరిగాయి. ఏదైనా మనసులో పెట్టుకుని నమిలే మనుషులకు ఇలా ఉంటుంది. పన్ను నిలుస్తుంది, భయం లేదు. ఇవాళ నొప్పి తగ్గించి మూసేస్తాను, వచ్చే వారం క్యాపు వేద్దాం. కానీ మేస్త్రీ గారూ, మేకులు మాత్రం మానెయ్యాలి. ఇంకొక్కసారి పెట్టుకున్నారంటే నా దగ్గరికి రాకండి."

పంట్లో పురుగులుంటాయా అని కూతురు అడిగితే, ఉండవని డాక్టరు గారు నవ్వింది. వడ్రంగి మేనత్త సంగతి ఏమిటో మరి, ఆవిడ్నే అడగాలి.

మత్తు ఇంజెక్షను ఇచ్చారు. పది నిమిషాల్లో మేస్త్రీ కుడి బుగ్గ, పెదవి, సగం నాలుక ఆయనవి కాకుండా పోయాయి. డాక్టరు గారు పని ముగించి, దూది ఉండ దవడ కింద పెట్టి, అరగంట దాకా తీయొద్దంది. గోడ మీద గడియారం ఐదుకు ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. కూతురు సంచి ఒళ్ళో పెట్టుకుని, లోపల ఫోను మీద చెయ్యి వేసి కూర్చుంది. తండ్రిని ఇంక అడగలేదు. ఒకసారి అడిగింది, రెండుసార్లు అడిగింది, పన్ను నొప్పితో ఉన్న మనిషిని మూడోసారి అడగడానికి ఆ పిల్లకు మనసు రాలేదు.

మేస్త్రీ ఆ సంచిని చూశాడు, గడియారాన్ని చూశాడు. నెల రోజులు నోరుండి దాచుకున్న మాట, ఇప్పుడు నోరు లేనప్పుడు గొంతు దాకా తన్నుకొచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తెలిసిన చోటే మొదలుపెట్టాడు. కుర్చీ చిరుగు మీద వేలు పెట్టి డాక్టరు గారితో అన్నాడు.

"హీని కుఠు ఏహిన ఓటే అప్పు."

డాక్టరు గారికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. "దూది పెట్టాను కదండీ, మాట్లాడకండి" అంది.

"దీని కుట్టు వేసిన చోటే తప్పంట" అంది కూతురు, సంచి మీంచి తల ఎత్తకుండా. "తల ఆనే చోట కుట్టు రాకూడదంట. రాపిడికి తెగిపోతుంది."

మేస్త్రీ ఇంకేదో గొణిగాడు.

"కుర్చీ మార్చక్కర్లేదంట. లోపల స్పాంజి నలిగింది, అది మార్చి, కొత్త రెగ్జిన్ తొడిగితే పదేళ్ళు చూడక్కర్లేదంట. ఆదివారం మీకు సెలవైతే వచ్చి తల భాగం విప్పుకెళ్ళి, సాయంత్రానికి తెచ్చి బిగిస్తాడంట."

"అమ్మయ్య. అంతకన్నానా" అంది డాక్టరు గారు.

మేస్త్రీ ఆగలేదు. ఈసారి డాక్టరు గారి వైపు చూడటం లేదు. మత్తెక్కిన మూతి ఒక పక్కకు జారిపోతుంటే చేత్తో పట్టుకుని మరీ మాట్లాడాడు. అంత పొడుగు మాట ఆయన నోట్లోంచి పెళ్ళైన ఇన్నేళ్ళలో వాళ్ళావిడ కూడా విని ఉండదు. చివర్లో కళ్ళు తుడుచుకున్నాడు. అది మత్తు వల్ల కాదు.

కూతురు తల ఎత్తింది.

సంచిలో ఫోను మోగింది.

"ఏమన్నారమ్మా?" అంది డాక్టరు గారు.

"నాన్నా, మళ్ళీ చెప్పు" అంది కూతురు.

"నీక్కూడా అర్థం కాలేదా?" అంది డాక్టరు గారు.

"అర్థమైందండీ. ఇంకోసారి వినాలనుంది."

ఫోను మోగుతూనే ఉంది. మేస్త్రీ ఇంకోసారి చెప్పాడు. మొదటిసారి కన్నా నెమ్మదిగా, ఒక్కో మాటా తల ముందుకొచ్చేలా తిప్పి తిప్పి చెప్పాడు.

"తల ఆనే భాగం నేను చేస్తానంట" అంది కూతురు డాక్టరు గారితో. "స్టూలుకి నేను వేసిన కుచ్చిళ్ళు రెండు నెలల కిందటే చూశాడంట. ఇంకా అలాగే ఉంచాడంట, ఎవరికీ అమ్మలేదంట. పని కష్టమంట, మోకాళ్ళు అరుగుతాయంట. అయినా నేనుంటే బాగుంటుందంట." కళ్ళు తుడుచుకుని, ఫోను తీసి, "ఒక్క నిమిషం మాట్లాడొస్తానండీ" అని వరండాలోకి వెళ్ళింది. తలుపు సగమే పడింది కాబట్టి, ఉద్యోగం వద్దని వాళ్ళకు మర్యాదగా చెప్పడం లోపలికి వినపడింది. మేస్త్రీ దూది కరుచుకుని, కుర్చీలో వెనక్కి వాలి, హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

సోమవారం పొద్దున షాపులో అటక మీది డబ్బా కిందకు దిగింది. అయస్కాంతం సుత్తి కూతురి చేతిలో ఉంది, మేకులు స్టీలు పళ్ళెంలో ఉన్నాయి. ఆరేళ్ళ కిందట తాను చెప్పినప్పుడు ఎవరైనా విన్నారా అని రేడియో తొమ్మిదోసారి అడుగుతున్నాడు. డాక్టరు గారి కుర్చీ తల నిన్ననే బిగించి వచ్చారు. ఎక్కడా కుట్టు కనపడటం లేదని ఆవిడ ఫోన్ చేసి మరీ చెప్పింది.

పదిన్నరకు ఇంటి నుంచి ఫోను వచ్చింది. రేడియో స్పీకరు పెట్టాడు.

"ఏమండీ, సాయంత్రం ఏ కూర చేయమంటారు?"

మేస్త్రీ చెయ్యి అలవాటుగా పళ్ళెం వైపు వెళ్ళింది. కూతురు పళ్ళేన్ని తన వైపుకు లాక్కుంది.

"ముందు అమ్మకి చెప్పు, నాన్నా."

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. నోట్లో అడ్డమేమీ లేదు.

"వంకాయ" అన్నాడు. కాసేపాగి, "మెత్తగా చెయ్యి, ఇంకా పన్ను కుదుటపడలేదు" అన్నాడు.

అవతల నుంచి వాళ్ళావిడ, "ఎవరండీ మాట్లాడేది?" అంది.